అన్న పేరు మీద

నార్తమ్, సౌతాంప్టన్
8 ఏప్రిల్ 1912, సోమవారం

అత్తయ్యగారికి,

మీరు పంపిన ఈస్టరు గుడ్లు ఒక్కటి కూడా పగలకుండా చేరాయి. పగలగొట్టే పని మీ మనవరాలు విన్నీ చూసుకుంది. ఒకటి చేత్తో పట్టుకుని పడుకుంది, పొద్దున లేచేసరికి దుప్పటి నిండా సొన. మీ కాలి కట్టు ఇంకో నెల వరకూ విప్పరని మీ పక్కింటి రోడా మీ ఉత్తరం అడుగున రాసింది. మీరు మాత్రం ఆ ముక్క రాయలేదు.

ఇక అసలు సంగతి. మీ పెద్దబ్బాయికి పని దొరికింది. బొగ్గు సమ్మె మూలంగా ఆరు వారాల నుంచి రేవులో ఓడలు కదల్లేదు, మా వీధిలో చాలా ఇళ్ళలో పొయ్యి సరిగ్గా వెలగలేదు. మొన్న శనివారం వెళ్ళి టైటానిక్ అనే కొత్త ఓడకి సంతకం పెట్టి వచ్చారు. ఎప్పటిలాగే బాయిలర్లలో బొగ్గు వేసే పని. బుధవారం మధ్యాహ్నం బయలుదేరుతుంది. మా పక్కింటి లోటీ బేవిస్ మొగుడు హార్వే కూడా వెళ్తున్నాడు.

సంతోషించాలి కదా. కానీ పోయిన సెప్టెంబరులో ఆయన ఉన్న ఓడని ఇంకో ఓడ గుద్దిన దగ్గర్నుంచి ఆయన అదోలా ఉన్నారు. నీళ్ళు తన్నుకొచ్చిన చోటికి పక్క గదిలోనే ఉన్నారట అప్పుడు. ఇప్పటికీ బకెట్ దొర్లిన చప్పుడైనా ఉలిక్కిపడి లేస్తారు. రాత్రి భోజనాల దగ్గర రూబెన్ ఆయన్ని నవ్వించాలని చూశాడు.

"అన్నయ్యా, న్యూయార్కు నుంచి నాకేం తెస్తావ్?"

"నీ తలకాయ తెస్తా."

"అది ఇక్కడే ఉంది కదా, అంత దూరం మోసుకెళ్ళి మళ్ళీ తేవాలా?"

విన్నీ పడీ పడీ నవ్వింది. ఆయన కూడా నవ్వారు కానీ చెంచా కింద పెట్టేశారు.

మా మరిది గురించి మీకు బెంగ అక్కర్లేదు. మావయ్యగారు సముద్రంలో చనిపోయిన ఏడాది మీరు బైబిలు మీద చెయ్యి వేయించి తీసుకున్న మాట వాడు మరవలేదు. ఓడ ఎక్కడు. గ్యాసు ఫ్యాక్టరీలో కొలిమికి బొగ్గు ఎగదోసి సాయంత్రానికి ఇల్లు చేరతాడు.

మీ కోడలు,
హెస్టర్

*

బెంబ్రిడ్జ్, వైట్ దీవి
10 ఏప్రిల్, బుధవారం

హెస్టర్ అమ్మాయ్,

చూశాను. రోడా, వాళ్ళాయన నన్ను కుర్చీతో సహా ఎత్తి గట్టు మీదకి తెచ్చి కూచోబెట్టారు. గొర్రెని సంతకి మోసుకెళ్ళినట్టు మోశారు. ఊరంతా అక్కడే ఉంది. ఆ ఓడ మలుపు తిరిగి రాగానే పిల్లలు కేకలు పెట్టారు, రోడా చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం అంత పెద్దది నీళ్ళ మీద ఉండటమే తప్పనిపించింది.

వాల్టర్ ఎక్కడో దాని అడుగున ఉంటాడు. వాడికి కిటికీ లేదు, ఆకాశం లేదు. నేను చెయ్యి ఊపితే వాడికేం తెలుస్తుంది? అయినా ఊపాను. అది కనుమరుగయ్యేదాకా ఊపుతూనే ఉన్నానట, రోడా చెప్పింది.

మీ మావయ్య పోయిన రోజున సముద్రం పళ్ళెంలో పాలలాగా కదలకుండా ఉంది. తుఫానులో పోయిన వాళ్ళ పెళ్ళాలకి తిట్టుకోవడానికి గాలైనా ఉంటుంది. నాకు అదీ లేదు. మనిషి దొరకలేదు, సమాధి లేదు. అందుకే చిన్నవాడి చేత ఒట్టు వేయించుకున్నాను. పెద్దవాడు అప్పటికే ఓడల్లో ఉన్నాడు, వాడు నా మాట వినే వయసు దాటిపోయింది.

రూబెన్ ప్రతి గురువారం రాసే ఉత్తరం ఈ వారం మరిచిపోతాడేమో. మందలించి రాయించు.

కెజియా అట్రిల్

*

నార్తమ్
12 ఏప్రిల్, శుక్రవారం

అత్తయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు చెయ్యి ఊపారని ఆయనకి చెప్తాను, తిరిగొచ్చాక. బాగానే వెళ్ళారు. టిఫిన్ తిన్నారు, సంచీ భుజాన వేసుకున్నారు, వెళ్ళారు. చెప్పడానికి ఇంకేం లేదు.

రూబెన్ రాయలేదని కోపగించుకోకండి. ఫ్యాక్టరీలో చెయ్యి కాలింది. పెద్ద గాయం కాదు, కట్టు కట్టారు. కలం పట్టుకోలేడు, అంతే. మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు.

విన్నీకి పళ్ళు ఊడుతున్నాయి. ఇక్కడ వాన.

హెస్టర్

*

బెంబ్రిడ్జ్
13 ఏప్రిల్, శనివారం

హెస్టర్,

రూబెన్‌కి ఏ చెయ్యి కాలింది?

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు పనికిమాలిన విషయాలే నాలుగు పేజీలు రాసే మనిషివి. ఈసారి అరపేజీలో ముగించావు. నా దగ్గర చెప్పకుండా ఉంచినది ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పు. నేను అరిచే మనిషినే, అది నాకూ తెలుసు. కానీ అరిచాక చల్లబడతాను.

వాడి చేతికి వెన్న రాయకు, మంట ఎక్కువవుతుంది. నిజంగా కాలి ఉంటే.

కెజియా

*

(ఈ ఉత్తరం అప్పుడు పోస్టు చేయలేదు)

నార్తమ్
16 ఏప్రిల్, మంగళవారం పొద్దున

అత్తయ్యా,

ఇది మీకు పంపుతానో లేదో తెలియదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే నా గుండె ఆగిపోయేలా ఉంది.

బుధవారం పొద్దున ఆయన బూట్లు వేసుకుని మెట్ల మీద కూచున్నారు. టైమవుతోంది, లేవండి అన్నాను. లేవలేదు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "హెస్టర్, నా కాళ్ళు లేవట్లేదే," అన్నారు. చిన్నపిల్లాడిలా ఏడ్చారు. సంతకం పెట్టి ఓడకి వెళ్ళకపోతే ఇంకెప్పుడూ ఏ ఓడలోనూ పని ఇవ్వరు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను అనకూడని మాటలు అన్నాను. "ఆరు వారాల నుంచి పిల్ల గంజి తాగి బతుకుతోంది, మీరు మగాడేనా?" అన్నాను.

రూబెన్ గుమ్మంలో నిలబడి విన్నాడు. వచ్చి అన్న భుజం మీంచి సంచీ తీసుకున్నాడు. అన్న జేబులోంచి, ఓడ ఎక్కేటప్పుడు చూపించాల్సిన పని పుస్తకం తీసుకున్నాడు.

"ఊరుకో వదినా. కొలిమి ముందు నిలబడేవాడి పేరు బొగ్గుకేం తెలుస్తుంది? రెండు వారాలు అన్నయ్య పేరు నేను మోస్తా. అమ్మకి మాత్రం చెప్పకు, నేనొచ్చి చెప్పుకుంటా, నా వీపు నేనే ఒప్పజెప్తా."

నేను ఆపలేదు. అత్తయ్యా, ఒక్క మాట అని ఉంటే ఆగేవాడు. నేను తలుపు తీసి పట్టుకున్నాను.

అప్పటి నుంచి మీ పెద్దబ్బాయి మేడ మీద వెనక గదిలోనే ఉన్నారు. ఎవరి కంటా పడకూడదు కదా. పెరట్లోకి వెళ్ళాలన్నా తలకి శాలువా చుట్టుకుని వెళ్తున్నారు. వీధిలో వాళ్ళకి రూబెన్ మీ దగ్గరికి దీవికి వెళ్ళాడని చెప్పాను. ఫ్యాక్టరీలో జ్వరమని చెప్పాను. మీకు చెయ్యి కాలిందని రాశాను.

ఇప్పుడు లోటీ గోడవతల నుంచి పిలుస్తోంది. పేపర్లో ఏదో వచ్చిందట ఓడ గురించి.

*

నార్తమ్
16 ఏప్రిల్, మంగళవారం సాయంత్రం

అత్తయ్యగారికి,

మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పొద్దున పేపర్లో అందరూ క్షేమం, ఓడని లాక్కొస్తున్నారు అని రాశారు. లోటీ, నేను ఒకర్నొకరు పట్టుకుని నడివీధిలో గంతులు వేశాం. మధ్యాహ్నానికి ఓడ మునిగిపోయిందన్నారు. అందరూ క్షేమం అన్నమాట ఇప్పుడు ఎవరూ అనడం లేదు.

కన్యూట్ రోడ్డులో కంపెనీ ఆఫీసు ముందు జనం. బతికిన వాళ్ళ పేర్లు వస్తాయట. నేను రేపు పొద్దున్నే వెళ్తాను.

ప్రార్థన చేయండి.

హెస్టర్

*

బెంబ్రిడ్జ్
17 ఏప్రిల్, బుధవారం

హెస్టర్ తల్లీ,

నాకు నడిచే కాలు ఉంటే ఈపాటికి నీ గుమ్మంలో ఉండేదాన్ని. ఇక్కడ గోడల మధ్య కూచుని, ఎవరు తలుపు కొట్టినా ఊపిరి బిగబట్టుకుంటున్నాను. పొద్దున రోడా రొట్టె ఇవ్వడానికి వచ్చి తలుపు కొడితే లోపలికి రావద్దని అరిచాను. పాపం ఆ రొట్టె గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయింది.

పేర్లు చూసిన వెంటనే రాయి. మంచైనా చెడైనా నువ్వే రాయి, నాకు పేపర్లో చదవాలని లేదు. అట్రిల్ అన్న పేరు మొత్తం వెతుకు. ఒక్కసారి చూసి వచ్చెయ్యకు. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూడు. ఎన్ని సార్లు ఉంటే అన్నిసార్లు రాయి.

నువ్వు నా దగ్గర దాస్తున్నది ఏమిటో నాకు తెలుసు. ఇప్పుడు దాని గురించి అడగను. ఇది దెబ్బలాడుకునే వేళ కాదు.

మీ అత్తయ్య

*

నార్తమ్
19 ఏప్రిల్, శుక్రవారం

అత్తయ్యగారికి,

మూడు రోజులు అక్కడే నిలబడ్డాను. గోడకి పెద్ద బోర్డు పెట్టారు. లోపల్నుంచి ఒక గుమాస్తా వచ్చి కొన్ని పేర్లు అంటించి పోతాడు. అతను తలుపు తియ్యగానే అంతమంది ఆడవాళ్ళూ ఒక్క మాటైనా లేకుండా ముందుకు తోసుకొస్తారు. చదవడం రానివాళ్ళు పక్కవాళ్ళ ముఖాలు చూస్తారు. నా ముందున్న ఆమె పేరు కనబడి నవ్వింది, ఆ వెంటనే చుట్టూ చూసి నోరు మూసుకుంది. అంత భయపడుతూ నవ్విన మనిషిని నేను ఎప్పుడూ చూడలేదు.

మీరు చెప్పినట్టే పైనుంచి కిందికి, కింది నుంచి పైకి చూశాను. అట్రిల్ లేదు అత్తయ్యా. బేవిస్ కూడా లేదు. గుమాస్తాని అడిగితే, ఇంక రావాల్సిన పేర్లు లేవమ్మా అన్నాడు.

మా వీధిలో పదకొండు ఇళ్ళకి కిటికీ తెరలు దించేశారు. నేనూ దించాను. లోటీ వచ్చి నా ఒళ్ళో తల పెట్టుకుని, "మనిద్దరం ఒకటేనే, మనిద్దరం ఒకటే," అని ఏడ్చింది. నేను ఆమె జుట్టు నిమిరాను. నా చేతులంటే నాకే అసహ్యమేసింది.

బళ్ళో టీచరు విన్నీని దగ్గరికి తీసుకుని మీ నాన్న దేవుడి దగ్గరికి వెళ్ళాడమ్మా అందట. ఇది, "లేదు, మా నాన్న మేడ మీద ఉన్నాడు," అందట. పైనున్న దేవుడి గురించే అంటోందనుకుని ఆ టీచరు ఇంకా ఏడ్చిందట. అది వచ్చి నాకు చెప్తే నా ఒళ్ళు చల్లబడిపోయింది.

మీకు తెలుసని రాశారు. మీకు ఏం తెలుసో నాకు తెలియడం లేదు. అడగడానికి ధైర్యం లేదు.

హెస్టర్

*

బెంబ్రిడ్జ్
20 ఏప్రిల్, శనివారం

హెస్టర్,

విన్నీ మాటలు నాకు అర్థం కాలేదు. పసిదానికి కలలేవో వస్తున్నట్టున్నాయి. బడికి పంపకు కొన్నాళ్ళు.

ఇంక దాచడానికి ఏం మిగిలింది? నేనే చెప్తాను. పోయిన శనివారం, నువ్వు చెయ్యి కాలిందని రాసిన ఉత్తరం వచ్చిన టపాలోనే నాకు ఇంకో కార్డు వచ్చింది. ఐర్లండు రేవు ముద్ర ఉంది. రూబెన్ దస్తూరీ. ఇలా రాశాడు: "అమ్మా, నీకిచ్చిన మాట తప్పాను. నేనిప్పుడు ఆ పెద్ద ఓడలోనే ఉన్నాను. పని బాగుంది, తిండి బాగుంది. వదిన మీద కోపం పెట్టుకోకు, ఆమెకి ఏమీ రాయకు. ఎందుకో నేనొచ్చి నీ ముందు నిలబడి చెప్తా. అప్పుడు కొడుదువు గాని."

అంతే ఉంది. పోస్టుమాను చదువుతాడని కాబోలు కారణం రాయలేదు.

వాడు రాయొద్దన్నాడని నేను రాయలేదు. నువ్వు చెప్తావేమోనని చూశాను. నువ్వు చెయ్యి కాలిందన్నావు. అన్నతో పాటు వాణ్ణి కూడా ఓడ ఎక్కించి, నా దగ్గర దాస్తున్నావని అర్థమైంది. వారం రోజులుగా ప్రతిసారీ ఇద్దరి కోసం మోకరించాను. ఒకణ్ణైనా ఉంచు అని బేరం ఆడాను దేవుడితో. ఎవణ్ణి ఉంచమంటావని ఆయన అడిగితే ఏం చెప్పాలా అని వణికాను. ఆయన అడగనే లేదు.

నాకు ఇద్దరే కొడుకులు. వాళ్ళ నాన్న దగ్గరికే వెళ్ళారు ఇద్దరూ. సమాధి లేదు.

నిన్ను తిట్టడానికి ఓపిక లేదు. నీకూ మొగుడు పోయాడు. కానీ వాడి చెయ్యి కాలిందని ఎందుకు రాశావు? కార్డు లేకపోతే ఈపాటికి నేను చిన్నవాడు మిగిలాడని సంబరపడుతూ ఉండేదాన్ని.

కెజియా

*

నార్తమ్
22 ఏప్రిల్, సోమవారం

అత్తయ్యా,

ఇద్దరు కాదు. ఒక్కడే.

ఇది ముందు రాశాను, మీరు ఇంకేమీ చదవకముందే ఇది చదవాలని. ఇంక మిగతాది వినండి. వాల్టర్ ఓడ ఎక్కలేదు. ఆయన బతికే ఉన్నారు, మేడ మీద వెనక గదిలో ఉన్నారు. విన్నీ చెప్పింది కల కాదు.

వెళ్ళింది రూబెన్. అన్న పేరు మీద, అన్న పుస్తకంతో, అన్న టోపీ పెట్టుకుని వెళ్ళాడు. ఈ ఉత్తరంతో ఇంకోటి పెట్టాను. మంగళవారం రాసి పంపలేక పిండిడబ్బాలో దాచింది. అందులో అంతా ఉంది, నేను అన్న మాటలతో సహా. నేను తలుపు తీసి పట్టుకున్న సంగతి కూడా ఉంది. దాన్ని కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు.

వారం రోజులుగా మీ చిన్నవాడు పోయాడని మీకు ఎలా రాయాలా అని చస్తున్నాను. మీరు పెద్దవాడు పోయాడని ఏడుస్తున్నారని, చిన్నవాడు ఉన్నాడన్న ధైర్యంతో ఉన్నారని అనుకున్నాను. ఆ ధైర్యాన్ని నా చేత్తో తుంచలేకపోయాను. మీరు ఇద్దర్నీ పోగొట్టుకుని కూచున్నారని నాకేం తెలుసు?

జాబితా వచ్చిన రోజు నుంచి ఆయన తిండి తినడం లేదు. గోడకి వీపు ఆనించి కూచుంటారు. కింద ఎవరైనా వచ్చి నన్ను ఓదార్చి, వాల్టర్ మంచివాడమ్మా అని వెళ్తే, పైన అంతా వినబడుతుంది ఆయనకి. నిన్న, "నన్ను అందరూ మెచ్చుకుంటున్నారు హెస్టర్," అన్నారు. ఆ గొంతు వింటే భయమేసింది. రేజరు తీసి నా పెట్టెలో పెట్టి తాళం వేశాను.

ఏం చెయ్యమంటారో చెప్పండి.

హెస్టర్

*

బెంబ్రిడ్జ్
23 ఏప్రిల్, మంగళవారం

అమ్మాయ్,

నీ ఉత్తరంలో వాల్టర్ బతికే ఉన్నాడన్న లైను చదివి నేను పెద్దగా నవ్వాను. రోడా పరిగెత్తుకొచ్చింది. "వాల్టర్ ఉన్నాడే! వాల్టర్ ఉన్నాడు!" అన్నాను. తర్వాత దాని కింది లైను చదివాను. రూబెన్ పోయాడని రాసిన కాగితం చేత్తో పట్టుకుని నవ్విన తల్లిని నేను. ఆ నవ్వు వాడు వినకుండా ఉంటే చాలు.

ఇంతవరకూ ఇద్దరికీ కలిపి ఏడ్చాను. ఇప్పుడు ఒక్కడి కోసం ఏడవాలి. ఇది ఎక్కువ కష్టంగా ఉంది, ఎందుకో తెలియదు.

నీ మీద కోపం ఉందా అంటే ఉంది. నువ్వు తలుపు తీసి పట్టుకున్నావు. కానీ నేను వాడి చేత ఒట్టు వేయించుకున్నాను చూడు, ఆ ఒట్టు లేకపోతే వాడు ఎప్పుడో తన పేరు మీదే ఓడ ఎక్కేవాడు, ఈ ఓడలో ఉండేవాడు కాదేమో. ఇలా వెనక్కి తవ్వుకుంటూ పోతే ఎంత లోతైనా తవ్వొచ్చు. నేను ఆపేశాను. నువ్వూ ఆపు.

ఏం చెయ్యమంటావని అడిగావు. వాల్టర్‌ని మేడ మీంచి దింపు. పట్టపగలు దింపు. ఆ ఆఫీసుకి వెళ్ళి, పోయింది నేను కాదు, నా తమ్ముడు అని చెప్పమను. జైల్లో వేస్తారని, ఇంక పని ఇవ్వరని భయపడతాడు. భయపడుతూనే వెళ్ళమను. నా చిన్నవాడు ఇరవై రెండేళ్ళు బతికాడు, వాడికి ఒక పేరు పెట్టాను. పోయినవాళ్ళ పేర్లు రాసిన కాగితం మీద ఆ పేరు లేకపోతే వాడు పోయినట్టే కాదు, అసలు పుట్టనట్టు.

అమ్మ చెప్పిందని చెప్పు వాడికి.

కెజియా

*

నార్తమ్
26 ఏప్రిల్, శుక్రవారం

అత్తయ్యగారికి,

నిన్న వెళ్ళారు.

మీ ఉత్తరం పైకి తీసుకెళ్ళి చదివి వినిపించాను. "అమ్మ చెప్పిందా?" అన్నారు. మళ్ళీ చదివాను ఆ లైను. లేచి ముఖం కడుక్కున్నారు. నేను కోటు తొడిగాను, చేతులు అందులో దూరడం లేదు, అంత వణుకు.

పదిహేను రోజుల తర్వాత వాకిట్లోకి వచ్చారు. ఎదురింటి ముసలమ్మ మెట్లు కడుగుతోంది. చూసి బకెట్ వదిలేసి, "యేసయ్యా!" అని లోపలికి పారిపోయింది. ఒక్కొక్క తలుపూ తెరుచుకుంది. మేము నడుస్తుంటే వెనక అడుగుల చప్పుడు పెరుగుతోంది. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

ఆఫీసులో గుమాస్తా తల ఎత్తకుండానే ఎవరు మీరు అని అడిగాడు.

"ఈ కాగితంలో చచ్చిపోయినవాణ్ణి," అన్నారు ఈయన.

అతను పెద్దవాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ఎన్ని రోజులైందో పడుకుని. తలుపు మూసి, కుర్చీ వేశాడు. అంతా విన్నాడు. తప్పుడు పేరు సంగతి పైవాళ్ళు తర్వాత చూస్తారు అన్నాడు, ఏం చూస్తారో చెప్పలేదు. వాల్టర్ పేరు మీద గీత కొట్టి, "మీ తమ్ముడి పేరు చెప్పండి, అక్షరాలు విడివిడిగా," అన్నాడు. ఈయన చెప్పలేకపోయారు. నేను చెప్పాను. రూబెన్ ఎలియాస్ అట్రిల్. రాశాడు.

బయటికి వచ్చేసరికి గుమ్మం ముందు ముప్పై మంది ఆడవాళ్ళు. వాళ్ళు కొడతారనుకున్నాను. కొడితే బాగుండేది. లోటీ ముందుకి వచ్చి ఈయన ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని తడిమింది, గుడ్డివాళ్ళు తడిమినట్టు.

"నువ్వు ఎక్కలేదు. అయితే మా హార్వే కూడా ఎక్కలేదేమో. వాడెక్కడ దాక్కున్నాడో చెప్పు వాల్టర్, నేనేమీ అనను, చెప్పు."

"హార్వే ఎక్కాడు లోటీ."

"నువ్వు చూళ్ళేదుగా! నువ్వు ఇంట్లో ఉన్నావుగా!"

అప్పుడు మిగతావాళ్ళు అందుకున్నారు. మా ఆయన ముందు రోజు కడుపునొప్పి అన్నాడు. మా వాడు తాగి ఉన్నాడు, టైముకి చేరాడో లేదో. అత్తయ్యా, వాళ్ళందరూ చావుని ఒప్పుకుని నల్లబట్టలు వేసుకున్నారు. ఈయన్ని చూశాక ఒక్కొక్కరికీ ఆశ పుట్టింది. సాయంత్రం లోటీ మా ఇంటికి వచ్చి, అడక్కుండా మేడ ఎక్కి, వెనక గది తలుపు తీసి చూసింది. మంచం కింద కూడా చూసింది. ఇవాళ మళ్ళీ వచ్చింది.

రేపు స్టీమరులో మేము ముగ్గురం మీ దగ్గరికి బయలుదేరుతున్నాం.

హెస్టర్

*

నార్తమ్
1 మే, బుధవారం

అత్తయ్యగారికి,

శనివారం మీరు కుర్చీ వేయించుకుని దారి చూశారని రోడా రాసింది. క్షమించండి. రేవు దాకా వచ్చాం. స్టీమరు దగ్గరికి వెళ్ళే చెక్క వంతెన మీద పలకల సందుల్లోంచి కింద నీళ్ళు కనబడతాయి కదా, అక్కడ ఆగిపోయారు. ఒక స్టీమరు వెళ్ళింది. ఇంకోటి వచ్చింది, అదీ వెళ్ళింది. విన్నీ చెయ్యి పట్టుకుని లాగింది, "నాన్నా, ఇది చిన్న పడవ, మునగదు," అంది. మూడోదాని టికెట్ల మనిషి జాలిపడి, బాబూ లోపల కూచుంటే నీళ్ళు కనబడవులే అన్నాడు. ఆ మాటతో ఈయన కింద కూలబడ్డారు. ఇంటికి తీసుకొచ్చేశాను.

బతికిన ఓడ పనివాళ్ళు మొన్న సాయంత్రం రైల్లో వచ్చారు. వాళ్ళలో కొలిమి దగ్గర పనిచేసిన పెర్సీ గేల్ అనే అతను నిన్న మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పేరు మార్చిన సంగతి అతనికి తెలియదు. వాల్టర్ అట్రిల్ భార్యని చూడాలని వచ్చాడు. ఈయన్ని చుట్టం అనుకున్నాడు. ఈయన నన్ను చెప్పనివ్వలేదు, నాకు కళ్ళతో సైగ చేసి ఎదురుగా కూచున్నారు.

"మీ వాల్టర్ మా పక్క కొలిమి. రెండు రోజులకే అందరికీ చుట్టమైపోయాడు. వాడి జోకులకి నవ్వలేక పార వదిలేసేవాళ్ళం. నీళ్ళు రాగానే వాటిని ఆపే ఇనప తలుపు పైనుంచి దిగిపోతోంది, అందరం దాని కిందనుంచి దూరి పరిగెత్తాం. వాల్టర్ నా ముందే ఉన్నాడు, బయట పడ్డాడు కూడా. వెనక ఎవడో కేక వేశాడు, బొగ్గు కింద కాలు ఇరుక్కుందని. వాల్టర్ వెనక్కి చూశాడు. నేను రారా అన్నాను. ఒక్క నిమిషం అని వెళ్ళాడు."

అంతే, మళ్ళీ చూళ్ళేదట.

అప్పుడు ఈయన అడిగారు. "భయపడ్డాడా?"

పెర్సీ కోపంగా చూశాడు. "భయపడక? నిలువెల్లా వణికిపోయాడయ్యా. మేమందరమూ అంతే. వాడు వణుకుతూనే వెళ్ళాడు."

అతను వెళ్ళాక ఈయన తమ్ముడి కోసం మొదటిసారి ఏడ్చారు. తర్వాత రొట్టె అడిగారు, తిన్నారు. కానీ పడవ ఎక్కగలరని నేను చెప్పలేను అత్తయ్యా. మీరు కదలలేరు, ఆయన ఎక్కలేరు. మధ్యలో ఇన్ని నీళ్ళు.

మీ హెస్టర్

*

బెంబ్రిడ్జ్
3 మే, శుక్రవారం

హెస్టర్,

పెర్సీ చెప్పింది రోడా చేత చదివించుకున్నాను, నేను చదవలేక. ఒక్క నిమిషం అన్నాడా. చిన్నప్పుడు అన్నానికి పిలిచినా అదే మాట.

డాక్టరుతో పోట్లాడాను. కట్టు విప్పనన్నాడు. కట్టుతోనే వెళ్తానన్నాను. రోడా మొగుడు, వాళ్ళ తమ్ముడు నన్ను రైలు దాకా, రైలు నుంచి స్టీమరు దాకా మోస్తారు. మీ మావయ్య పోయాక పద్నాలుగేళ్ళుగా నేను పడవలో కాలు పెట్టలేదు. మీ పెళ్ళికి కూడా రాలేదు, జలుబని అబద్ధం రాశాను. చూడబోతే మన ఇంట్లో అందరం ఆ పనిలో గట్టివాళ్ళమే. నిజం ఏమిటంటే అప్పుడు ఇటువైపు రేవు దాకా వెళ్ళి, పలకల సందుల్లోంచి కింద నీళ్ళు చూసి తిరిగి వచ్చేశాను. ఇది ఎవరికీ చెప్పలేదు. వాల్టర్‌కి చెప్పు.

ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా చెమటలు పడుతున్నాయి. రోడా చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, కీర్తనలన్నీ గట్టిగా పాడుకుంటూ వస్తాను. ఓడలో వాళ్ళు ఏమనుకుంటే నాకేం.

మంగళవారం మధ్యాహ్నం స్టీమరు. వాల్టర్‌ని వంతెన మీదకి రమ్మనకు. గట్టు మీదే, నేల మీదే నిలబడమను. నేను కళ్ళు తెరిచేసరికి నా ఎదురుగా ఉండమను. రేజరు వాడికి తిరిగి ఇచ్చెయ్. గడ్డం గీసుకుని రావాలి, పద్నాలుగేళ్ళ తర్వాత వాళ్ళ అమ్మ నీళ్ళు దాటి వస్తోంది.

అమ్మ